మిరపకల్లం బొంత

"ఏమండీ, ఆ సంచి తీయండి! నా ఆకాశం మీద పెట్టారు!"

నా అరుపుకి బాలశౌరి మాస్టారి అరుగు మీద పడుకున్న కుక్క లేచి వానలోకి పారిపోయింది. ఆ అమ్మాయి మాత్రం కదల్లేదు. తడిసిన కొంగు పిండుకుంటూ నా వైపు తిరిగి, "ఆకాశమా? ఏదీ?" అంది.

"మీ సంచి కింద!"

ఆమె సంచి ఎత్తింది. దాంతోపాటు నా ఆకాశమూ లేచింది. ఫెవికాల్‌లో రాతిపొడి కలిపి, గోనె మీద పూసి, పైన నీలం రంగు వేసి ఆరబెట్టుకున్న బొమ్మ అది. అందులో సగం ఆమె సంచి అడుగున అంటుకుంది.

"అయ్యో!" అంది. మరుక్షణం సంచి తిప్పి చూసుకుని, "మరి నా సంచి సంగతేంది?" అంది.

"మీ సంచా? నాది రెండు ఆదివారాల పనండీ!"

"దారికడ్డంగా ఎవరన్నా ఆకాశం పరుస్తారా?"

గొడవ విని మాస్టారు లోపల్నుంచి వచ్చారు. కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, బొమ్మ వంక వంగి చూశారు. రంగు లేచిన చోట గోనె బయటపడి, దాని చుట్టూ సంచి నేత అచ్చుపడింది.

"ఒరేయ్ కేశవా, ఇప్పుడు నిజంగా మబ్బు పట్టినట్టుందిరా. చానా బాగుంది."

రెండేళ్ళలో మాస్టారు నాతో "చానా బాగుంది" అనడం అదే మొదటిసారి. అదీ ఆమె పాడుచేసినందుకు! ఆ రోజే నా కడుపులో కుళ్ళు పుట్టింది. ఆ తర్వాత అది వానాకాలం గడ్డిలాగా పెరిగింది.

ఇది ఎనభయ్యారు జూన్ నాటి మాట. నా పేరు చెన్నకేశవులు. అప్పటికి ఇరవయ్యయిదేళ్ళు. మాచర్ల స్టేషన్ రోడ్డులో నాపరాళ్ళు పాలిష్ చేసే యార్డులో సూపర్‌వైజర్ని. వారమంతా ఆ దుమ్ములో బతికి, ఆదివారం అదే దుమ్ము డబ్బాలో వేసుకుని మాస్టారి దగ్గరికి పోయేవాణ్ణి. ఆయన రిటైరైన డ్రాయింగ్ టీచరు. రాతిపొడి, కొబ్బరిపీచు, పాత పేపర్లు, ఏది దొరికితే అది అంటించి దాని మీద రంగులేయడం నేర్పేవారు. "దీన్ని మిక్స్‌డ్ మీడియా అంటార్రా," అని గర్వంగా చెప్పేవారు. ఆయన శిష్యుల్లో చిన్నపిల్లాడు కానివాణ్ణి నేనొక్కణ్ణే. ఆమె వచ్చేదాకా.

ఆమె పేరు హైమావతి. వెల్దుర్తిలో చిన్నపిల్లల టీచరుగా కొత్తగా ఉద్యోగమొచ్చి, తల్లి సరస్వతమ్మతో మాచర్లలో అద్దెకు దిగింది. రోజూ బస్సులో పోయి వస్తుంది.

"నాకు గీత రాదు మాస్టారూ," అంది ఆ రోజు, తుడుచుకున్న సంచి ఒళ్ళో పెట్టుకుని. "గుర్రం గీస్తే మా పిల్లలు మేక అంటారు. కానీ ఏ రంగు పక్కన ఏ రంగు పెట్టాలో నాకు తెలుసు." సంచి బోర్లించింది. అరుగు నిండా గుడ్డముక్కలు.

మాస్టారు పక్కింటి వైపు కేకేశారు. "ముంతాజ్! ఒకసారి రామ్మా!"

ముంతాజక్క ఊళ్ళోవాళ్ళ పాతచీరలతో బొంతలు కుట్టేది. మాస్టారు ఆమెకు ఆ ముక్కలు చూపించి, "కుట్టు నువ్వు నేర్పు, రంగు నేను నేర్పుతా. బొంత మీద బొమ్మ రావాల," అన్నారు.

"పడుకునే బొంత గోడకు కొడతారా? సరేలే, నేర్పుతా," అంది ముంతాజక్క నవ్వుతూ.

అంతే. ప్రతి ఆదివారం నా పక్కనే రెండు బారల దూరంలో చాప వేసుకుని కూర్చునేది హైమావతి. పాతచీర రెండు పొరలు పరిచి, దాని మీద ముక్కలు పేర్చి, సూదితో చిన్నచిన్న టాకాలేసి, మధ్యమధ్య బ్రష్షుతో నీడలు దిద్దేది. పేర్చినన్నిసార్లు చెరిపేది. నేను నా బొమ్మ చూసుకోవాలిగదా! ఆమె చేతులే చూసేవాణ్ణి.

"ఏందట్టా చూస్తన్నారు?" అందొకసారి తలెత్తకుండానే.

"ఆ ముక్క వంకరగా ఉంది."

"కావాలనే పెట్టా."

"గీత రాకపోతే అందరూ అట్టాగే అంటారు."

"గీత వచ్చినవాళ్ళు మరి రాయిని రాయిలాగే వేస్తారేంది? అంత రాయి చూడాలంటే మీ యార్డుకే పోవచ్చుగా?"

 దానికి జవాబు నాకు ఇంటికి పోయాక రాత్రికి దొరికింది. అప్పుడు ఎవరికి చెప్పను?

జులైలో ఆమె మిరపకల్లం మొదలెట్టింది. ఎండాకాలంలో ఉద్యోగం పని మీద వెల్దుర్తి బస్సులో పోతూ చూసిన, కాయలు ఎండబోసే కల్లాలట. ఊళ్ళో దర్జీలందరినీ అడిగి ఎర్రముక్కలు తెచ్చింది. జాకెట్టు ఎరుపు, జెండా ఎరుపు, వెలిసిపోయిన పరదా ఎరుపు. ఎండిన కాయ, సగం ఎండిన కాయ, తెల్లబారిన తాలుకాయ, అన్నీ అందులో కనపడేవి. మధ్యలో కాయలు ఏరే ఆడవాళ్ళు. ముఖాల్లేవు, వంగిన నడుములే. ఎరుపులో ఇన్ని ఎరుపులున్నాయని రెండేళ్ళు రంగులు కలిపిన నాకు తెలీదు. ఆమెకెట్టా తెలిసింది?

కడుపుమంట ఆగక ఒక సాయంత్రం ముంతాజక్క ఇంటికెళ్ళాను. "అక్కా, నాక్కూడా కుట్టు నేర్పు. ఆమెకు చెప్పొద్దు."

"మగపిల్లోడివి, సూది పట్టుకుని ఏం చేస్తావ్?"

"ఆమెను ఓడిస్తా."

ముంతాజక్క దారం ఎక్కిస్తూ, "ఓడించడానికే అంటావా?" అని సూది చేతికిచ్చింది. రాళ్ళు మోసిన వేళ్ళకి సూది లొంగడానికి నెల పట్టింది. ఆగస్టుకి నా టాకా గోధుమగింజంత అయింది.

ఆ ఆగస్టులోనే వేణుమాధవ్ దిగాడు.

మాస్టారి పాత శిష్యుడు, నరసరావుపేటలో లెక్చరరు. మోటార్‌సైకిల్, ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు. వచ్చీరాగానే నా బొమ్మ ముందు నిలబడి "గుడ్" అన్నాడు. ఆమె బొంత ముందు మాత్రం మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"వండర్‌ఫుల్ అండీ! ఈ టెక్స్చర్ చూడండి! విదేశాల్లో దీన్ని ఆర్ట్ క్విల్ట్ అంటారు. మ్యూజియాల్లో పెడతారు."

"నిజంగానా?" అంది హైమావతి. ఆ కళ్ళు అంత పెద్దవని నాకప్పటిదాకా తెలీదు. నాతో మాట్లాడేటప్పుడు ఎప్పుడూ చిట్లించే ఉండేవి.

సెప్టెంబరులో తమ పేటలో చిత్రకళా పోటీ పెడుతున్నామనీ, ఒక్కో గురువు దగ్గర్నుంచి ఒక్క బొమ్మే తీసుకుంటామనీ చెప్పాడు. మాస్టారు నా వైపు చూశారు. తర్వాత ఆమె వైపు చూశారు. "హైమది పంపుదాం. ఏరా కేశవా?" అన్నారు.

"అట్టాగే మాస్టారూ," అన్నాను. నా బొమ్మను గోడ వైపు తిప్పి పెట్టాను.

"ఆఖరు తేదీ ఖాయం కాగానే రాస్తానండీ," అన్నాడు వేణుమాధవ్, ఆమెతో మాత్రమే.

సెప్టెంబరు రెండో వారం, సోమవారం పూట అతను యార్డుకొచ్చాడు. కొత్తిల్లు కడుతున్నారట, నాపరాళ్ళు కావాలట. వెళ్తూ వెళ్తూ జేబులోంచి కవరు తీశాడు. "ఇది హైమావతిగారికి ఇస్తారా? కొంచెం అర్జెంటు."

కవరు మీద చక్కటి దస్తూరీతో ఆమె పేరు. కింద గీత గీసి 'పర్సనల్'. ఇస్తున్నప్పుడు అతను నవ్విన నవ్వు కూడా పర్సనల్‌గానే ఉంది.

అది ప్రేమలేఖే అనుకున్నాను. సాయంత్రం ఇద్దామని బయల్దేరి, వాళ్ళ వీధి మొదట్లోంచి వెనక్కొచ్చాను. మంగళవారం వానన్నాను. బుధవారం యార్డులో పనన్నాను. ఎవరూ అడగలేదు, నాకు నేనే చెప్పుకున్నాను. చింపి చదవలేదు, అంత నీచుణ్ణి కాదనుకున్నాను. ఇవ్వకపోవడం కూడా నీచమేనని తోచలేదు.

శనివారం పొద్దున్నే ముంతాజక్క దగ్గరికెళ్తే ఆమె ముఖం వాడిపోయి ఉంది.

"హైమ నిన్న వచ్చి ఏడ్చింది తమ్ముడూ. పోటీ తేదీ రాస్తానన్న ఆ లెక్చరరు రాయనేలేదంట. తన పని నచ్చలేదేమోనని, కుట్టడం ఆపేసింది. ఇంకా రెండు అంచులు మిగిలేవున్నయి."

జేబులో కవరు నిప్పులాగా తగిలింది. పరిగెత్తాను.

రెండో శనివారం, ఆమెకు సెలవు. వాకిట్లో బియ్యం ఏరుతోంది. కవరు ఇచ్చాను. చింపి చదివి లేచి నిలబడింది. "ఈ రోజే ఆఖరంట! సాయంత్రం నాలుగింటికల్లా ఇవ్వాలంట!" మళ్ళీ కాగితం చూసింది. "సోమవారం రాశాడే?"

"నిన్న... నిన్ననే ఇచ్చాడు నాకు," అన్నాను.

పచ్చి అబద్ధం. ఆమె నమ్మింది. అదే ఇంకా బాధ.

సరస్వతమ్మగారు అప్పటికే చీర మార్చుకుంటున్నారు. "ఎందుకే బిత్తరచూపులు? పదిన్నర బస్సుంది. దార్లో కుట్టుకో. అబ్బాయ్, నువ్వూ రా, బొంత మొయ్యాల."

పేట బస్సులో సరస్వతమ్మగారు ముందు ఆడవాళ్ళ సీట్లో కూర్చుని గురజాల రాకముందే కునుకు తీశారు. మేమిద్దరం వెనక సీట్లో. మా ఒళ్ళో, మోకాళ్ళ మీద, కింద చెప్పుల మీదికి జారుతూ మిరపకల్లం. బయట వాన. పరదాలు దించేశారు. సందుల్లోంచి వచ్చే వెలుతురులో ఆమె సూదిలో దారం ఎక్కించింది. నేనూ ఇంకో సూది తీసుకుని రెండో అంచు పట్టాను.

"మీకు కుట్టొచ్చా?"

"వచ్చు."

"ఎప్పట్నుంచి?"

"జులై నుంచి. మిమ్మల్ని ఓడిద్దామని నేర్చుకున్నా."

ఆమె గట్టిగా నవ్వింది. కండక్టరు వెనక్కి తిరిగి చూశాడు. నా అంచు మీద వేలు పెట్టి తడిమి చూసి, నవ్వు ఆపేసింది. "నాకన్నా సన్నంగా వేస్తన్నారే!" అంది. ఆ మాటలో కొంచెం కుళ్ళు వినపడింది. ఆ రోజు మొత్తం మీద నాకు సంతోషమనిపించింది ఆ ఒక్క క్షణమే.

పక్కసీట్లో పిడుగురాళ్ళ పోయే ముసలమ్మ, పేరు నాగులమ్మట, బొంత కొస పట్టుకుని, "లాగి పట్టుకోమంటారా?" అని మాకోసం నడుం తిప్పుకుని కూర్చుంది.

దాచేపల్లి దగ్గర బస్సు ఆగింది. నాగులేరు వాగు పొంగి రోడ్డెక్కింది. నీళ్ళు తగ్గితేగాని కదలదన్నాడు డ్రైవరు. పన్నెండయింది, ఒంటిగంటయింది, రెండున్నరయింది. అందరూ టీ కొట్టు పంచన చేరారు. సరస్వతమ్మగారు కూడా. మేము బస్సులోనే ఉండి కుట్టాం. ఆఖరి టాకా వేసి ఆమె దారం పంటితో తెంపింది. బొంత నిమిరి, "ఎంత బాగొచ్చిందో! నిన్న ఇచ్చినప్పుడే తెచ్చుంటే అయిపోయేదిగా," అంది. అందులో తిట్టు లేదు. వాన వంక చూసి దిగులుగా అంది, అంతే.

ఇక నావల్ల కాలేదు.

"నిన్న కాదండీ. సోమవారమే ఇచ్చాడు. ఐదురోజులూ నా జేబులోనే ఉంది."

ఆమె సూది బొంతలో గుచ్చి నా వైపు తిరిగింది.

"ఎందుకు?"

"ప్రేమలేఖ అనుకున్నా."

"అయితే? నాకొచ్చిన ప్రేమలేఖ ఆపడానికి నువ్వెవరు?" 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. ఎన్నాళ్ళుగానో ఆ పిలుపు కోరుకున్నాను. ఇట్టా మాత్రం కాదు.

"మొదట మీ పని మీద కుళ్ళు. తర్వాత అతని మీద. రెండూ నిజమే. తప్పు నాది."

"రోజూ స్కూలు నుంచి రాగానే, ఉత్తరమేమన్నా వచ్చిందా అని అమ్మనడిగేదాన్ని. రాత్రి కత్తెర తీసుకున్నా తెలుసా, ముక్కలన్నీ ఊడదీద్దామని! అమ్మ లాక్కుంది కాబట్టి సరిపోయింది." బొంత మడతపెట్టుకుని ముందుకెళ్ళి, ఖాళీగా ఉన్న తల్లి పక్క సీట్లో కూర్చుంది. బస్సు కదిలాక కూడా పేట దాకా వెనక్కి తిరగలేదు.

మేము హాలు చేరేసరికి ఆరు కావస్తోంది. వేణుమాధవ్ గుమ్మంలోనే ఎదురొచ్చాడు.

"ఇప్పుడా హైమావతిగారూ! లిస్టు మూసేశారు. సోమవారమే పంపానుగదండీ?"

ఆమె నా వైపు చూడలేదు, నా పేరూ చెప్పలేదు. తల వంచుకుంది. ఆమె మాట పడుతుంటే నేను చూస్తూ నిలబడాలా?

"ఆమె తప్పేం లేదండీ. ఉత్తరం నేనే ఇవ్వలేదు. కావాలనే," అన్నాను, అక్కడున్న పదిమందికీ వినపడేట్టు.

అతను నన్ను ఎగాదిగా చూశాడు. తిట్టలేదు. తిడితే బాగుండేది. "పోటీకి కుదరదు. ఊరికే గోడకు పెట్టొచ్చు," అన్నాడు ఆమెతో.

"పెట్టండి," అంది హైమావతి.

మేకులు కొట్టి పెట్టారు. నేను గుమ్మం బయటే నిలబడి చూశాను. ఇన్నాళ్ళూ ఆ బొంతను రెండు బారల దూరంలోంచే చూశాను, టాకాల్లో లోపాలు వెతుకుతూ. ఇప్పుడు గుమ్మం నుంచి చూస్తే ముక్కలు లేవు, కుట్లు లేవు, ఎండలో మండే కల్లం ఉంది. ఒక రైతు దాని ముందు నిలబడి కండువాతో ముక్కు మూసుకున్నాడు, ఘాటు వస్తున్నట్టు. జనం నవ్వారు. నేను నవ్వలేదు. పని మీద నాకున్న కుళ్ళు అక్కడికక్కడే పోయింది. అంత మంచి పని చూసి ఎవడన్నా సంతోషపడతాడుగానీ ఏడుస్తాడా?

మనిషి మీద కుళ్ళు మాత్రం పోలేదు. ఎందుకంటే అప్పుడే పట్టుచీర కట్టుకున్న ఒక పెద్దావిడ హైమావతి గడ్డం పట్టుకుని ముద్దుగా ఏదో అడుగుతోంది. వేణుమాధవ్ వాళ్ళమ్మ.

ఆ తర్వాత మూడు ఆదివారాలు మాస్టారింటికి పోలేదు. ఏ ముఖం పెట్టుకుని పోను? నాలుగోవారం ముంతాజక్కే యార్డుకొచ్చింది.

"హైమను ఆ లెక్చరరుకు అడిగారంట. ఎల్లుండి మాట చెప్పాలంట. నువ్వు ఈ దుమ్ము పీల్చుకుంటా ఇక్కడే కూర్చో!" అని తిట్టి పోయింది.

మర్నాడు మధ్యాహ్నం నాలుగు మిషన్లూ తిరుగుతున్నాయి. ఆ మోతలో పక్కమనిషి మాట వినపడదు. తలెత్తితే ఎదురుగా హైమావతి. పసుపు చీర, జుట్టు మీద అప్పుడే వాలిన తెల్లటి రాతిపొడి.

"ఉత్తరంలో తేదీ కాక ఇంకో సంగతుంది," అంది అరుస్తూ. "వాళ్ళమ్మకి నన్ను పరిచయం చేస్తానని రాశాడు. ఇప్పుడు పెళ్ళికి అడిగారు. ఏం చెప్పమంటావ్?"

నెలరోజులుగా మంచివాణ్ణవుదామని ప్రయత్నిస్తున్నాను. "మంచివాడు!" అని నేనూ అరిచాను. "చదువుకున్నవాడు! మీ పనికి విలువ తెలిసినవాడు! చేసుకోండి!"

ఆమె ముఖం ఎర్రబడింది. ఆ ఎరుపుకి ఏ గుడ్డముక్కా సరిపోదు.

"ఉత్తరం దాచినప్పుడు కూడా ఇంత కోపం రాలేదు నాకు! అప్పుడు కనీసం మనసులో మాట చెప్పావ్. ఇప్పుడేంది ఈ దానకర్ణుడి వేషం? నీకేం అనిపించట్లేదా?"

"ఏంది? వినపడట్లా!"

"నీకేం అనిపించట్లేదా అంటన్నా!"

ఇక ఆగలేదు. గట్టిగా ఊపిరి పీల్చి, గొంతు చించుకుని అరిచాను. "కుళ్ళుగా ఉంది! అతన్ని చేసుకోవద్దు! నన్ను చేసుకో!"

సరిగ్గా 'వద్దు' దగ్గర కరెంటు పోయింది. మిషన్లు నాలుగూ ఆగాయి. 'నన్ను చేసుకో' ఒక్కటే యార్డంతా మోగి, ఎదురుగా పేర్చిన రాళ్ళకి కొట్టుకుని మళ్ళీ మా దగ్గరికే వచ్చింది. పదిహేను మంది కూలీలు చేతుల్లో పని వదిలేసి మా వంక తిరిగారు.

పాలిష్ మేస్త్రీ మస్తానయ్య తలగుడ్డ తీసి ముఖం తుడుచుకున్నాడు. "అమ్మాయ్, అదేదో చెప్పెయ్ తల్లీ, కరెంటొస్తే మళ్ళీ మాకు వినపడదు," అన్నాడు.

హైమావతి నవ్వు ఆపుకోవడానికి కొంగు నోటికడ్డం పెట్టుకుంది. తర్వాత నా దగ్గరికొచ్చి మెల్లగా అంది. "వాళ్ళకి నిన్ననే కాదని చెప్పా. ఆయన బొంత చూసి మోకాళ్ళ మీద కూర్చున్నాడు, నిజమే. కానీ ఆ బస్సులో మూడు గంటలు నడుం విరిగేట్టు కుట్టినవాడివి నువ్వు. ఓడిద్దామని కుట్టు నేర్చుకున్నవాడు, గెలవాల్సిన రోజు నా అంచు కుట్టాడు. నాకూ నీ టాకాలు చూసి కుళ్ళే. ఇంక ఆలోచించేదేముంది?" వేలు చూపించింది. "కానీ అబద్ధం ఇంకోసారి ఆడావంటే, మాటలుండవ్."

"ఆడను."

"అయితే పోయి అమ్మనడుగు. గేటు దగ్గర రిక్షాలో ఉంది."

చేతుల దుమ్ము దులుపుకుంటూ గేటు దాకా నడిచాను. సరస్వతమ్మగారు రిక్షాలో నిటారుగా కూర్చునున్నారు.

"అమ్మా, నేను హైమావతిని..."

"వినపడ్డదిలే నాయనా. స్టేషన్ మాస్టరుకి కూడా వినపడ్డది." నన్ను పైనుంచి కిందికి చూశారు. "తప్పు చేశావ్. పదిమందిలో ఒప్పుకున్నావ్. రెండూ నా కళ్ళతో చూశా. మొదటిదానికి నాకింకా కోపమే. రెండోదాన్ని చూసే ఒప్పుకుంటన్నా. ఆదివారం మీ పెద్దవాళ్ళని తీసుకురా. వచ్చేముందు కాస్త తలంటుకో, బూడిదలో పొర్లిన బర్రెలాగా ఉన్నావ్."

ఎర్రటి ఎండలో, దుమ్ములో, నేను ఆమె కాళ్ళకి దండం పెట్టాను. ఆవిడ నా తల మీద చెయ్యి పెట్టి, అరచేతికంటిన తెల్లదుమ్ము చూసుకుని విసుక్కుంటూనే నవ్వారు.

లోపల కరెంటొచ్చింది. మిషన్లు మళ్ళీ మోతెత్తాయి. హైమావతి రిక్షా ఎక్కుతూ నాకేదో చెప్పింది. వినపడలేదు. చెయ్యి చెవి దగ్గర పెట్టి చూపించాను. ఆమె దిగి, వాళ్ళమ్మ చూస్తుండగానే నా చెవి దగ్గరకొచ్చింది.

"ఈసారి పెద్దది కుడదాం," అంది. "ఇద్దరికీ చాలేంత."